ఆదివారపు సగటు హాజరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆదివారపు సగటు హాజరు గారి సముఖమునకు,

వందనాలండి. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు మాత్రం పోయిన నెలకన్నా కాస్త చిక్కారని మొన్న కమిటీ మీటింగులో తెలిసి దిగులుపడ్డాం. మా పాదిరి వికార్ గారు ప్రారంభ ప్రార్థన రెండు ముక్కల్లో ముగించి, మిగతా సాయంత్రమంతా మీ ఆరోగ్యం గురించే మాట్లాడారు. ప్రార్థనలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను తలుచుకుంటాం. మీటింగు మొదలయ్యాక ఇంక మీరొక్కరే.

నన్ను మీరెరగరు. టెక్సస్‌లో నిన్నగాక మొన్న ఇళ్లు లేచిన ఒక శివారులో ఈ మధ్యే మొదలైన ఎపిస్కోపల్ మిషన్‌లో, అంటే ఇంకా సొంతకాళ్ల మీద నిలబడని చిన్న సంఘంలో, ఆదివారం ఆదివారం వెనక నిలబడి తలలు లెక్కపెట్టేది నేనే. పుట్టి పెరిగింది డోర్నకల్ డయోసిస్‌లో, అంటే అక్కడి బిషప్ గారి కింది సంఘాల మండలంలో. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయినా ఎపిస్కోపల్ అయినా ఆంగ్లికన్ కుటుంబమే కదా, ఇక్కడ నాకు మళ్లీ బాప్తిస్మం అక్కర్లేకపోయింది. చేతికి పెన్సిలిచ్చి వెనక నిలబెట్టారు. ఇండియా వాళ్లకి లెక్కలు బాగా వస్తాయని ఎవరో చెప్పారట.

మాకింకా గుడి లేదు. ఒక షాపుల వరసలో, గోళ్లకి రంగులేసే సెలూన్‌కీ పళ్ల డాక్టరుకీ నడుమ, పిల్లలకి బ్యాలే నేర్పే స్టూడియోని ఆదివారం పొద్దున అద్దెకి తీసుకుంటున్నాం. మడత కుర్చీలు, మడత బల్ల, దానిమీద ఇస్త్రీ చేసిన తెల్లబట్ట. ప్రార్థన పుస్తకాలు ఏదో పాత పారిష్ సంఘం దానమిచ్చింది, తెరిస్తే వాళ్ల గుడి ముద్రే. మోకరించడానికి మెత్తల్లేవు. చెక్కనేల మీద మోకాళ్లూనిన పెద్దవాళ్లు, బ్యాలే పిల్లలు పట్టుకుని కాళ్లెత్తే కమ్మీని పట్టుకుని లేస్తారు. బలిపీఠం సర్దే అల్టార్ గిల్డ్ అమ్మగార్లది ఇంకో చిక్కు. ప్రభు భోజన సంస్కారంలో మిగిలిన ద్రాక్షారసాన్ని తాగెయ్యాలి, లేదా మట్టిలో పొయ్యాలి. మురుగులోకి వెళ్లకూడదు. సొంత గుడి ఉన్నవాళ్లకి తిన్నగా నేలలోకి దిగే తూముతో ఒక సింకు ఉంటుంది. మాకున్నది పార్కింగ్ మధ్యలో ఒక్క చెట్టు. మా సంఘంలో క్రమం తప్పకుండా సంస్కారం పుచ్చుకుంటున్నది ఆ చెట్టే. దాన్ని మీ లెక్కలో వేయొచ్చా అని అడిగాను. వికార్ గారు నవ్వలేదు, ఆలోచించారు.

అన్నట్టు, ఆ స్టూడియోలో ఒక గోడంతా అద్దమే. ఇరవైమూడు మంది కూర్చుంటే నలభయ్యారుగురు కనిపిస్తారు. ప్రతి సంఘానికీ బిషప్ గారు మూడేళ్లకొకసారైనా రావాలని కానన్, అంటే చర్చి చట్టం. మా దగ్గరకి ముందే వచ్చారు. ప్రసంగానికి లేచి, అద్దం వైపు చూసి, ‘నిండుగా ఉందే’ అన్నారు. దైవజనుల మాటకి ఎదురు చెప్పడం మాకు అలవాటు లేదు.

మీ నియమాలు చదివాను. ఏడాదిలో ఆదివారాలకీ, శనివారం సాయంత్రపు ఆరాధనలకీ వచ్చినవాళ్లని కూడి, ఆదివారాల సంఖ్యతో భాగించాలి. అది మీరు. 2024లో క్రిస్మస్ బుధవారం వచ్చింది. ముందురోజు రాత్రి కొవ్వొత్తుల ఆరాధనకి జనం ఎంతొచ్చినా మీ దృష్టిలో రానట్టే. యేసు ప్రభువు ఆదివారం లేచాడు గనుక పునరుత్థానం మీ ఖాతాలో జమైంది. పుట్టడంలోనే ఆయన వారం చూసుకోలేదు.

మార్చిలో రెండో ఆదివారం సంగతి కూడా మీ చెవిన వేస్తాను. ఆ రోజు తెల్లవారుజామున ఈ దేశం గడియారాల్ని గంట ముందుకి తిప్పుతుంది. వారంలో ఏడు రోజులుండగా ఆదివారమే ఎందుకో ప్రభుత్వాన్ని అడగాలి. మా వాళ్లు కొందరు ప్రసంగం మధ్యలో వచ్చారు, కొందరు సంస్కారానికి వచ్చారు. ఒక జంట ముగ్గురు పిల్లల్ని తయారుచేసి, కారెక్కించి, దారిలో ఒకడి బూటు కోసం వెనక్కెళ్లి, ఆశీర్వాదం అయిపోయి కాఫీ పోస్తున్నప్పుడు తలుపు తీశారు. అయిదుగురు. వీళ్లు వచ్చినట్టా, రానట్టా? వాళ్ల మొహాలు చూస్తే ఆ పూట అందరికన్నా ఎక్కువ కష్టపడి వచ్చింది వాళ్లే. మీ నియమాల్లో కాఫీకి గడి లేదు. పాపం కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆట నయం. పన్నెండింటికి మొదలవుతుందని ముందే తెలుస్తుంది, పదిన్నరకల్లా ప్రసంగం దానంతటదే ముగుస్తుంది.

మీమీద నాకు కోపం లేదు. మీకున్న పలుకుబడే భయం. పారిష్ అయితే తన పెద్దలే తమ పాదిరిని, అంటే రెక్టర్‌ని, పిలుచుకుంటారు, ఖర్చు తామే భరిస్తారు. మిషన్‌కి బిషప్ గారు పంపిన వికారే గతి. మాకు డయోసిస్ ఇచ్చే సాయం ఏటా కొంత తగ్గుతుంది. అది తగ్గేలోపు మీరు పెరగాలి. నారుమడి గట్టుమీద నిలబడి బస్తాలెన్ని దిగాయని అడిగే ఆసామిలా, ప్రతి నెలా ఒక ఈమెయిల్ మీ క్షేమం కనుక్కుంటుంది.

ఈ చర్చిలో మొదట్నుంచీ ఇలా లేదు. 1835లో జనరల్ కన్వెన్షన్ అనే చర్చి మహాసభ కూర్చుని, సభ్యులంతా మిషనరీ సొసైటీ సభ్యులేనని తేల్చి, జాక్సన్ కెంపర్‌ని తొలి మిషనరీ బిషప్‌గా మిస్సోరి, ఇండియానాలకి పంపింది. అంత నేలమీద తిరిగే మనిషి ఒక ఊళ్లో వరసగా ఎన్ని ఆదివారాలు ఉంటాడు? మీరు అప్పటికే కొలువులో ఉంటే ఆయన్ని మొదటి ఏడే వెనక్కి పిలిపించేవారు.

మా డోర్నకల్‌కి 1909లో అజరయ్య గారొచ్చారు. తిరునల్వేలి తమిళుడు, మనకోసం తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్ పెద్దగుడి ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఈలోపు పల్లెల్లో ఆరాధన ఎప్పుడు జరిగేదనుకున్నారు? కూలికెళ్లొచ్చి, ఇంత తిని, రాత్రిపూట లాంతరు పెట్టుకుని. సోమవారం రాత్రి మాలపల్లెలో, మాదిగపల్లెలో ఊరూరంతా కూర్చుని కీర్తన పాడినా మీ లెక్కకి సున్నా.

మాకూ అలాంటి సోమవారం ఒకటుంది, బుధవారం రూపంలో. పక్కనున్న అపార్ట్‌మెంట్లలో పిల్లలకి హోంవర్క్ చేయిస్తున్నాం. తల్లులు వస్తారు, వంట తెస్తారు, చివర్లో ప్రార్థన చెయ్యమని వాళ్లే అడుగుతారు. ఆదివారంకన్నా అక్కడే జనం ఎక్కువ. ఒకావిడ ‘ఇది ఏ చర్చి’ అని కూడా అడగలేదు, ‘వచ్చే వారం ఉంటుందా’ అంది. ఉంటుందో లేదో చెప్పాల్సింది మీరు. మీకేమో ఆవిడ కనపడదు.

అందుచేత మనవి. పరోకియల్ రిపోర్టు, అంటే సంఘం ఏటా రాసిచ్చే లెక్కల పత్రం, మార్చి 1 లోపు పంపాలి. అందులో మీ గడి మీదే, నేను ముట్టుకోను. దాని పక్కన బుధవారానికి ఒక చిన్న గడి ఇప్పించండి. పెద్దది అక్కర్లేదు, పెన్సిల్ పట్టేంత చాలు.

ఇంకొక్కటి. స్టూడియో నడిపే టీచరమ్మ తాళం వెయ్యడానికి పదకొండుంబావుకి వస్తుంది. ఈమధ్య పదకొండింటికే వచ్చి, చివరి పాట అయ్యేదాకా వెనక నా పక్కన నిలబడుతోంది. క్రైస్తవురాలు కాదు. పోయిన ఆదివారం పాటలో గొంతు కలిపింది. ఆమెని రిజిస్టర్‌లో వేశాను. అభ్యంతరముంటే రాయండి. అద్దంలో కనపడ్డ ఆవిడని మాత్రం వెయ్యలేదు.

ఇట్లు,
మీ తలల గుమాస్తా