టికెట్ డబ్బులు కలిపినా ఇండియాయే చవకా?

అమెరికాలో మన వాళ్ళు నలుగురు కలిసిన చోట పన్ను నొప్పి మాట వచ్చిందంటే చాలు, "హైదరాబాద్ వెళ్ళి చేయించుకో, టికెట్ డబ్బులు పోనూ ఇంకా మిగులుతుంది" అని ఎవరో ఒకరు అనేస్తారు. పంటి విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్ మామూలుగా ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్లు దాటి ఇవ్వదు, ఒక్క రూట్ కెనాల్, దాని మీద క్రౌన్ (తొడుగు) పడితే ఆ కోటా దాదాపు అయిపోయినట్టే. ఇంకో సంగతి, హెచ్‌ఎస్‌ఏలో (వైద్యం ఖర్చులకని టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) దాచుకున్న డబ్బు ఇండియాలో చేయించుకున్న వైద్యానికి కూడా వాడుకోవచ్చు, రసీదులు మాత్రం జాగ్రత్త. (అక్కడి నుంచి సూట్‌కేసులో తెచ్చుకునే మందులకు కుదరదు, ఆశ పడకండి.)

కానీ పంటి లెక్కను తీసుకెళ్ళి గుండెకీ మోకాలికీ అంటగడితేనే నాకు చిరాకు. ఎందుకంటే అసలు పోల్చేదే తప్పు. ఈఓబీ, అంటే వైద్యం అయ్యాక ఇన్సూరెన్స్ కంపెనీ పంపే లెక్కల కాగితం, తీసి చూడండి: హాస్పిటల్ అడిగింది ఒకటి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నది దానికంటే ఎంతో తక్కువ, మన వాటా మరొకటి. మనం వాట్సాప్ గ్రూపులో పెట్టి గుండెలు బాదుకునేది మొదటి అంకె. మన ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్లకు, హాస్పిటళ్ళకు చూపించుకుంటే మన జేబులోంచి పోయేదానికి చట్టం పెట్టిన హద్దు ఉంది, 2025లో ఒక మనిషికి 9,200 డాలర్లు. తక్కువేమీ కాదు, కానీ ఇన్సూరెన్స్ ఒప్పుకున్న వైద్యమైతే బైపాస్ అయినా ఆ ఏడాదికి అంతకు మించదు. అదే మోకాలి ఆపరేషన్‌కి ఇండియా వెళితే టికెట్లు, సెలవులు, తోడుండే మనిషి, నెలల తరబడి ఫిజియోథెరపీ, అన్నీ మన ఖర్చే. తిరిగొచ్చాక ఏదైనా తేడా చేస్తే ఎవరి దగ్గరికి పోవాలో ముందే ఆలోచించిన వాళ్ళు నాకైతే ఎక్కడా కనపడలేదు.

సరే, అక్కడ చవక అంటున్నాం, ఎవరికి చవక? 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టడి చేసేదాకా గుండె రక్తనాళంలో వేసే మందు పూత స్టెంటుకు లక్ష పైన కూడా వసూలు చేసేవాళ్ళు. కట్టడి చేసినప్పుడు పెట్టిన ధర 29,600 రూపాయలు. అప్పటిదాకా ఎంత పిండుకున్నారో మీరే లెక్కేసుకోండి. మా మేనత్త గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడితే మొట్టమొదటి ప్రశ్న "ఏ రూమ్ తీసుకుంటారు సార్?" ఏముంది, మంచానికే కదా తేడా అనుకుంటాం. కాదు. జనరల్ వార్డు నుంచి సింగిల్ రూముకి మారితే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ, రక్త పరీక్షలు కూడా పెరుగుతాయి, కత్తీ అదే, డాక్టరూ ఆయనే. పైగా పాలసీలో రూమ్ అద్దెకు పరిమితి ఉంటే, దానికి మించిన రూము తీసుకున్నందుకు సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ లాంటి వాటిలో కూడా అదే నిష్పత్తిలో కోత పెడతారు. గ్లవ్స్, సిరంజిల ఖర్చు వీటికి అదనం. డాలర్లలో భాగించుకుని "ఇంతేనా" అనుకునే మనకు అది చవక, అదే వార్డులో పక్క మంచం మీద ఉన్న రైతుకు కాదు.

ఇంక అందరికీ అసలు టెన్షన్ అమ్మానాన్నలు వచ్చినప్పుడు. చవగ్గా దొరికే విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు ఫిక్స్‌డ్ బెనిఫిట్‌వి: ఏ వైద్యానికి ఎంత ఇస్తారో పట్టిక ఉంటుంది, మిగతాదంతా మన నెత్తినే. కాస్త ఎక్కువైనా కాంప్రిహెన్సివ్ (పట్టిక ప్రకారం కాకుండా, అయిన ఖర్చులో పెద్ద భాగం పాలసీ పరిమితి దాకా ఇచ్చేది) కొనండి. బీపీ, షుగర్ ముందునుంచీ ఉంటే వాటి గురించి పాలసీలో ఏం రాశారో కొనకముందే చదవండి. గ్రీన్ కార్డు తీసుకున్నా, 65 దాటినవాళ్ళకి ఇక్కడ వరసగా ఐదేళ్ళుంటేగానీ మెడికేర్ (పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్) కొనుక్కునే వీలు లేదు. అందుకే వాళ్ళు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఇండియా పాలసీ ఆపకండి. ఆపితే పాత జబ్బులకు మళ్ళీ మూడేళ్ళ దాకా వెయిటింగ్ పడవచ్చు. 2025 సెప్టెంబర్ నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ కూడా తీసేశారు.

ఇక్కడి మన తెలుగు సంఘాల సభలకు వెళితే ప్లాట్లు అమ్మే స్టాళ్ళకు కొదవ ఉండదు. ఈసారి ఒక్క టేబుల్ ఇన్సూరెన్స్ పాలసీ చదివి వివరించే మనిషికి ఇవ్వమని సంఘం కార్యవర్గాన్ని అడుగుతున్నాను, అమ్మే ఏజెంటుకి మాత్రం కాదు.