విమానాలను అతికించిన ఊరు హాట్‌ఫీల్డ్

పశ్చిమ గోదావరిలో నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టి నేత బట్ట కొనేది. ఆ ఊరి పేరు ఇంగ్లిషువాళ్ల నోట ‘మదపోలం’ అయింది. పోనుపోను ఎక్కడ నేసిందైనా సరే, సన్నని సాదా నూలు బట్టకు అదే పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో, లండన్‌కు ఉత్తరాన హాట్‌ఫీల్డ్‌లో తయారైన మాస్కిటో అనే చెక్క యుద్ధవిమానం ఒంటికి అంటించింది ఆ రకం బట్టనే. చెక్క మీద బట్ట పరిచి, దానిపై డోప్ అనే వార్నిష్‌లాంటి పూత పూసి బిగించేవారు.

హాట్‌ఫీల్డ్ గురించి రాసేవాళ్లు మాస్కిటోను విజయంగా, అక్కడే తయారైన కామెట్ అనే ప్రయాణికుల జెట్‌ను విషాదంగా విడదీసి చెబుతారు. నా దృష్టిలో రెండింటి కీలకమూ ఒక్కచోటే ఉంది: అతుకులో.

ఈ రెండింటినీ తయారుచేసిన డి హావిలాండ్ కంపెనీ 1920లో లండన్ శివారు స్టాగ్ లేన్‌లో మొదలైంది. 1930లో హాట్‌ఫీల్డ్‌లో స్థలం కొని, కొన్నేళ్లలో ఫ్యాక్టరీని అక్కడికి మార్చింది. యుద్ధం వచ్చేసరికి అల్యూమినియానికి కటకట. ఫర్నిచర్ వడ్రంగులకు మాత్రం కొదవలేదు. మాస్కిటోను చెక్కతో చేయాలన్న ఆలోచనకు ఈ లెక్క కూడా కారణం. దగ్గర్లోని సాలిస్‌బరీ హాల్ అనే పాత భవనంలో డిజైన్ సాగింది. 1940 అక్టోబరు 3న ఒక జర్మన్ విమానం హాట్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేసి 21 మందిని చంపింది. మాస్కిటో కోసం దాచిన సామగ్రిలో చాలా భాగం కాలిపోయింది. అయినా నవంబరు 25న మొదటి విమానం ఎగిరింది.

దాని ఒడలు చేసే పద్ధతి చూడండి. ఉడికించిన గుడ్డును నిలువునా కోసినట్టు రెండు సగాలు. ఒక్కో సగానికి ఒక్కో అచ్చు, మహాగని చెక్కదో కాంక్రీటుదో. అచ్చు మీద పలుచని బర్చ్ ప్లైవుడ్, దానిపై దాదాపు 9.5 మిల్లీమీటర్ల బాల్సా అనే తేలికపాటి చెక్క, పైన మళ్లీ ప్లైవుడ్. మొత్తం మందం సుమారు 11 మిల్లీమీటర్లు. జిగురు ఆరేదాకా ఉక్కు పట్టీలతో బిగించి ఉంచేవారు. అసలు తెలివి తర్వాతి దశలో ఉంది. సగాలు విడిగా ఉండగానే వైర్లు, హైడ్రాలిక్ గొట్టాలు, కంట్రోలు తీగలు బిగించేసి, ఆ తర్వాతే రెండింటినీ కలిపేవారు. లోహ విమానం కడుపులోకి దూరి, నడుం వంచి పనిచేసే అవస్థ తప్పింది. 16.5 మీటర్ల రెక్క మాత్రం ఒకే ముక్క. దాన్ని జిగురుతో అతికించి ఇత్తడి స్క్రూలు బిగించేవారు.

మొదట వాడిన జిగురు కేసిన్, అంటే పాల నుంచి తీసింది. తేమ తగిలితే మెత్తబడుతుంది, బూజు పడుతుంది. తర్వాత యూరియా ఫార్మాల్డిహైడ్‌కు మారారు. అయినా 1944లో భారత్, బర్మా వైపు పంపిన విమానాల్లో రెక్క పైచెక్క, రెక్కను లోపల మోసే దూలం నుంచి ఊడి ప్రమాదాలు జరిగాయి. నింద వాతావరణం మీదికి పోయింది. తనిఖీ చేస్తే దూలానికీ పైచెక్కకూ మధ్య సరిగ్గా కలవని అతుకులు కూడా బయటపడ్డాయి. ఎండా వానా పరీక్ష పెట్టాయి, అంతే. లోపం ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. చివరికి రెక్క పొడవునా అతుకు మీద ప్లైవుడ్ పట్టీ వేసి నీరు దిగకుండా మూశారు. మన హకీంపేటలో పైలట్లు శిక్షణ పొందిన వాంపైర్ జెట్ కూడా హాట్‌ఫీల్డ్ డిజైనే. దాని కాక్‌పిట్ భాగమూ ఇదే ప్లైవుడ్-బాల్సా కట్టు.

చెక్క నుంచి లోహానికి మారినా జిగురు వదల్లేదు. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో నార్మన్ డి బ్రూయిన్ బృందం తయారుచేసిన రీడక్స్ అనే జిగురు లోహాన్ని లోహానికి అంటిస్తుంది. రేకును ఆసిడ్‌లో శుభ్రం చేసి, ఫినాలిక్ ద్రవం పూసి, పైన పాలీవినైల్ పొడి చల్లి, వేడి చేస్తూ నొక్కి పట్టాలి. వేలిముద్ర జిడ్డు చాలు, పట్టు పాడవడానికి. అది పైకి కనపడదు. అందుకే ప్రతి దశలో క్రమశిక్షణ తప్ప వేరే హామీ లేదు.

1949 జులై 27న ఎగిరిన కామెట్‌లో ఈ రీడక్స్‌ను విరివిగా వాడారు. 1954 జనవరిలో ఎల్బా దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర రెండు కామెట్లు గాలిలోనే విడిపోయాయి. చదరపు కిటికీలే కారణమని ఇప్పటికీ రాస్తున్నారు. అది సగం నిజమే. కిటికీల మూలలు గుండ్రంగానే ఉన్నాయి, కానీ ఆ గుండ్రం చాల్లేదు. ఎల్బా శకలాల్లో పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో రేడియో యాంటెనా కోసం తీసిన రంధ్రం మూలన, మేకు రంధ్రం అంచున.

మరి ముందే పరీక్షించలేదా? పరీక్షించారు. ఒక నమూనా భాగం 16,000 సార్లు, కేబిన్‌లో నింపే గాలి పీడనాన్ని తట్టుకుంది. అయితే దాన్ని అంతకుముందే రెట్టింపు పీడనంతో బలపరీక్షకు వాడారు. అప్పుడు మూలల లోహం కాస్త సాగి, పీడనం తీసేశాక అక్కడ అదుముకునే ఒత్తిడి మిగిలింది. పగులు పుట్టకుండా అదే కాపు కాసింది. మార్కెట్‌కు వెళ్లిన విమానాలకు ఆ రక్ష లేదు. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన కేంద్రంలో నీటితొట్టిలో పెట్టి పరీక్షించిన విమానం, పాత ప్రయాణాలు కలుపుకొని 3,057 పీడన విడతలకే చిట్లింది. పరీక్ష చేయకపోవడం కన్నా తప్పుడు ధైర్యమిచ్చే పరీక్ష ప్రమాదకరం. హాట్‌ఫీల్డ్ ఇంజినీర్లు అజాగ్రత్తపరులు కాదు, అందుకే ఇది మరింత బాధిస్తుంది.

ఆ తర్వాత ఊరిని దెబ్బతీసింది ఇంజినీరింగ్ కాదు, అమ్మకాలు. ట్రైడెంట్ అనే తర్వాతి ప్రయాణికుల జెట్‌ను ఒకే ఎయిర్‌లైన్ అవసరానికి తగ్గట్టు చిన్నది చేశారు. 117 అమ్ముడయ్యాయి, పోటీదారు బోయింగ్ 727 అయితే 1,832. అయితే ప్రయాణికుల విమానాల్లో ఆటోమేటిక్ ల్యాండింగ్‌కు దారి చూపింది ట్రైడెంటే. 1981లో ఎగిరిన ‘146’ అనే ప్రయాణికుల జెట్ ఉత్పత్తిని వుడ్‌ఫర్డ్‌లోని మరో ఫ్యాక్టరీకి తరలించాక, 1990ల తొలినాళ్లలో హాట్‌ఫీల్డ్ మూతపడింది.

నిజానికి నైపుణ్యం ముందే ఊరు దాటింది. మొదటి ఎయిర్‌బస్ ఎ300 రెక్క డిజైన్ హాట్‌ఫీల్డ్‌లోనే జరిగింది. దాన్ని కట్టింది చెస్టర్ దగ్గరి బ్రాటన్‌లో, పూర్వం డి హావిలాండ్ నడిపిన ఫ్యాక్టరీలో. ఎయిర్‌బస్ రెక్కలు ఈనాటికీ అక్కడే తయారవుతున్నాయి. రన్‌వే ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు, ఆఫీసులు, హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం క్యాంపస్. తొలి మాస్కిటో మాత్రం తాను పుట్టిన సాలిస్‌బరీ హాల్ ఆవరణలోని మ్యూజియంలో ఉంది.