‘అన్నీ నార్మలే’ అన్నాక అడగాల్సిన మాట

చిత్తూరులో రాయవేలూరు బస్సెక్కితే, ఒళ్లో స్కానింగ్ కవరు పెట్టుకుని అక్కడి సీఎంసీ ఆసుపత్రికి పోయేవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో నరాల ఓపీ ముందూ అంతే. ‘అన్నీ నార్మలే అన్నారు, మరి అబ్బోడు ఎందుకట్లా పడిపోతాండాడు?’ అని పక్క సీటువాళ్లను అడుగుతారు. డాక్టరును మాత్రం అడగరు. పెద్దాయన ముందు నోరెత్తకపోవడం మన మర్యాద.

నరాల జబ్బుల్లో ఈ మర్యాద చేటు చేస్తుంది. మామూలు ఈఈజీ, అంటే మెదడులోని కరెంటు తరంగాలను గీసే పరీక్ష, తీసేది 20, 30 నిమిషాలు. ఆ కాసేపట్లో మెదడులో ఏం జరిగిందో అదే పట్టుకుంటుంది. మొన్న రాత్రి పెరట్లో పడిపోయినప్పుడు ఏం జరిగిందో దానికి తెలీదు. మూర్ఛ ఉన్నవాళ్లలోనూ చాలామందికి మొదటి ఈఈజీ బాగానే వస్తుంది. అందుకే రాత్రి నిద్ర తగ్గించి మళ్లీ తీయడం, వీడియోతో కలిపి ఎక్కువసేపు తీయడం ఉన్నాయి. ‘ఇది నార్మలయితే ఏయే జబ్బులు లేవని తేలినట్టు సార్? ఇంకా ఏవేవి మిగిలాయి?’ అనడం ఎదురు మాట్లాడటం కాదు.

అసలు మూర్ఛను తేల్చడంలో మొదటి పరీక్ష, చూసినవాళ్లు చెప్పే మాటే. పడిపోయిన మనిషికి ఏమీ గుర్తుండదు. కళ్లారా చూసింది భార్య. డాక్టరు గదిలోకి వెళ్లేది మాత్రం ఇంగ్లీషొచ్చిన బావమరిది! ఆమెనే లోపలికి పంపాలి. ఫిట్స్ వచ్చినప్పుడు ఒకరు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెడితే, ఇంకొకరు ఫోన్లో వీడియో తీయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చేతిలో తాళంచెవి పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

సిగ్గు ఇంకోచోటా అడ్డమొస్తుంది. స్కానింగులో చిన్న గడ్డ కనబడి, అది బద్దెపురుగు (పంది మాంసంతో సోకే టేప్‌వార్మ్) తిత్తి అని డాక్టరు అంటే ‘మేం పంది మాంసమే ముట్టం’ అని గొణుక్కుంటూ బయటికొస్తారు. ఆ పురుగు గుడ్లు శుభ్రంలేని నీళ్లతో, పచ్చి కూరలతోనూ కడుపులోకి పోతాయని అడిగితే కదా చెప్పేది.

ఓపీలో టైముండదు, నిజమే. విసుక్కునే డాక్టర్లూ ఉన్నారు. అందుకే ఎప్పుడు పడ్డాడు, ఎంతసేపు, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది అన్నది చీటీ మీద రాసుకుపోవాలి. పేస్‌మేకర్ ఉంటే ఎంఆర్‌ఐకి ముందే, రక్తం పలచబడే మాత్రలుంటే వెన్నులో నీరు తీయకముందే మనమే చెప్పాలి.

కాగితాలు ఇవ్వమంటే తిప్పుతున్నారా? రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. అవి చేతిలో ఉంటే రాయవేలూరులో చాలా పరీక్షలు మళ్లీ మొదటినుంచి చేయించుకునే ఖర్చు తప్పవచ్చు.