మావయ్య హ్యాండిక్యాప్ 28

ఒడిశా బరంపురంలో మావయ్యగారింటికి వెళ్తే నాకు టీవీ అవసరం రాదు. ఈసారి వెళ్ళేసరికి అత్త మావయ్య ఆధార్ కార్డు, రేషన్ కార్డు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు బల్ల మీద పేర్చుకుని కూర్చుంది.

మావయ్య: ఎందుకే ఇవన్నీ?

అత్త: సర్టిఫికెట్‌కి. పక్కింటి మావుసీ కొడుకు పెద్దాసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. 40 శాతం ఉంటేగానీ పనికిరాదట. మీకు 28 ఏగా. డాక్టరు ముందు కాస్త కుంటుతూ నడవండి.

మావయ్య: నేనెందుకు కుంటాలి?

అత్త: ఇంకా దాచకండి. మొన్న అల్లుడితో ఫోన్‌లో మీరే అన్నారు, ‘నా హ్యాండిక్యాప్ 28 వచ్చింది’ అని. పైగా నవ్వుతూ!

మావయ్య: ఓసి నీ! అది గోల్ఫ్ హ్యాండిక్యాపే. విశాఖలో మూడు ఆదివారాలు ఆడానా, ఆదివారానికి 18 గుంటలు. మొత్తం 54 అయితేగానీ ఆ అంకె ఇవ్వరు.

అత్త: 54 గుంటలా! పెరట్లో అరటి పిలకకి ఒక్క గుంట తీయమంటే నడుం పట్టేసిందన్నారు. అక్కడ తీస్తే పట్టదూ మరి?

మావయ్య: తవ్వడం కాదే. నాలుగుంపావు అంగుళాల గుంట, అందులోకి బంతి కొట్టాలి. ఒక రోజు 18 గుంటలకీ కలిపి 72 దెబ్బలు లెక్క. నేను 100 కొట్టాననుకో, 28 తీసేసి 72 అని వేస్తారు.

అత్త: కిలో చింతపండుకి 720 గ్రాములు తూచాడని బజారులో కొట్టువాడి మీద అంతలా ఎగిరారే! పాపం వాడిదీ 28 ఏనేమో.

మావయ్య: అది మోసం, ఇది నియమం! అసలు ఈ ఆటలో ఎంత వేదాంతం ఉందో నీకేం తెలుసు? బంతి గడ్డిలో పడనీ, ఇసకలో పడనీ, ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి. జీవితమూ అంతే.

అత్త: ఆ వేదాంతం మీకు పెళ్ళినాటికే వచ్చు. తువ్వాలు ఎక్కడ పడితే అక్కడే.

మావయ్య: తప్పు చేస్తే ఎవరూ చూడకపోయినా మనమే ఒప్పుకుని, మన లెక్కలో దెబ్బ కలుపుకోవాలి. కర్మ సిద్ధాంతం!

అత్త: మొన్న పాలు పొంగబెట్టి పిల్లి మీదకి తోసినప్పుడు ఎన్ని కలుపుకున్నారు?

(మావయ్య పక్షాన ఉందామనే కూర్చున్నాను. ఇక్కడితో వదిలేశాను.)

మావయ్య: సరే, ఒక్కటి విను. ఆ అంకె ఎంత తగ్గితే అంత గొప్ప.

అత్త: తగ్గాలనేగా నా ఏడుపు! మూడ్రోజుల్నుంచి చేపల పులుసు ఎందుకు పెడుతున్నాను? మంచినీళ్ళు చేతికెందుకిస్తున్నాను?

మావయ్య: అదా! నెల్లాళ్ళు కూతురింట్లో ఉండొచ్చానని బెంగ పెట్టుకున్నావేమో అనుకున్నా.

అత్త: బెంగా! ఆ నెల్లాళ్ళూ ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో.

అంటూనే రెండు ఫొటోల్లో బాగున్నదాన్ని తీసి తన కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.

అత్త: బుఢీ ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నాను కూడా. ఆ 28 సున్నా అయితే 28 కొబ్బరికాయలు కొడతానని.

మావయ్య: సున్నానా! ఈ జన్మకి కాదే.

అత్త: (గోడ మీంచి) మావుసీ! భొలొ హెబొని అంటున్నారు! ఈ జన్మకి నయం కాదట!

ఐదు నిమిషాల్లో మావుసీ కొడుకు చేతికర్రతో పరిగెత్తుకొచ్చాడు. మావయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఆట అంటే ఏమిటో చూపిస్తానని బల్ల మీంచి ఓ నిమ్మకాయ దించి ఒక్కటిచ్చాడు. అది గడప దాకా వెళ్ళి, గోడకి తగిలి, తిరిగొచ్చి మంచం కిందకి దూరింది. మావయ్య చెయ్యి నడుం మీదకి వెళ్ళింది.

అత్త: ఎక్కడ పడితే అక్కడి నుంచేగా. దూరండి మరి.