ఆ సామెతలకు 'దాచిన సగం' లేదు

"ఇంగ్లిష్ సామెతల్ని మనం సగమే నేర్చుకున్నాం. పూర్తి రూపం చదివితే అర్థం తలకిందులవుతుంది" అంటూ ఒక జాబితా ఏళ్ల తరబడి చేతులు మారుతోంది. చదవగానే నమ్మబుద్ధేస్తుంది. కానీ అందులో 'అసలు రూపం' అని చూపిస్తున్నవి చాలావరకు తర్వాతెవరో తగిలించిన తోకలు.

మొదటిది 'బ్లడ్ ఈజ్ థిక్కర్ దేన్ వాటర్'. ఎంతైనా అయినవాళ్లు అయినవాళ్లే అని భావం. దీని అసలు రూపం 'ద బ్లడ్ ఆఫ్ ద కవనెంట్ ఈజ్ థిక్కర్ దేన్ ద వాటర్ ఆఫ్ ద వూంబ్' అట. అంటే తోబుట్టువులకన్నా ఒట్టేసి ఒక్కటైనవాళ్ల బంధమే గట్టిదని. అలన్ రామ్సే 1737లో అచ్చు వేసిన స్కాట్లండ్ సామెతల సంపుటిలో ఉన్నది పొట్టి రూపమే. 1815లో వాల్టర్ స్కాట్ నవలలో వాడిందీ చుట్టరికం గురించే. పొడుగు వాక్యం 1990లు వచ్చేదాకా కనబడదు. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్లు పాత ఆధారం ఒక్కటీ చూపలేదు. అరబ్బుల రక్తప్రమాణాల గురించి 19వ శతాబ్దంలో ట్రంబుల్ అనే అమెరికన్ మతాచార్యుడు రాసిన మాట నిజమే. అయితే ఆయన పోల్చింది రక్తాన్నీ పాలనూ: ఒకే తల్లి పాలు తాగినవాళ్లకన్నా రక్తంతో ప్రమాణం చేసుకున్నవాళ్లు దగ్గర అని. ఈ ఇంగ్లిష్ సామెత అక్కణ్ణుంచి పుట్టలేదు.

దీన్ని చిన్న విషయంగా వదిలేయలేను. ఈ జాబితాను నమ్మి ఒక విద్యార్థి స్నేహం గొప్పదని చెప్పడానికి వ్యాసంలో ఈ సామెత రాస్తే, చదివేవాళ్లకు సరిగ్గా వ్యతిరేకార్థం అందుతుంది. మార్కులు పోయేది ఆ విద్యార్థికే.

'క్యూరియాసిటీ కిల్డ్ ద క్యాట్' సంగతి మరీ విచిత్రం. 'బట్ సాటిస్‌ఫాక్షన్ బ్రాట్ ఇట్ బ్యాక్', అంటే తృప్తి ఆ పిల్లిని మళ్లీ బతికించింది అన్న తోక 20వ శతాబ్దం మొదట్లో చేరింది. ఆ మాటకొస్తే ముందు సగం కూడా పాతది కాదు. 1598 నాటి బెన్ జాన్సన్ నాటకంలో పిల్లిని చంపేది 'కేర్', అంటే దిగులు. దాని స్థానంలోకి కుతూహలం వచ్చింది 19వ శతాబ్దంలో. నేటి వాడుకలో అర్థం ఒకటే: అక్కర్లేని ఆరా తీయకు అని హెచ్చరిక.

'జాక్ ఆఫ్ ఆల్ ట్రేడ్స్', అంటే అన్ని పనులూ చేయగలవాడు, 17వ శతాబ్దం మొదట్లో ఇంతే ఉండేది. 'మాస్టర్ ఆఫ్ నన్', అంటే దేంట్లోనూ నిపుణుడు కాడన్న ముక్క, 18వ శతాబ్దంలో చేరింది. ఒక్కపనిలో నిపుణుడికన్నా ఈ జాక్ లాంటివాడే చాలాసార్లు మేలు అనే మూడో ముక్క ఈ శతాబ్దపుది. నచ్చితే వాడుకోండి, పాతదని మాత్రం చెప్పకండి.

'కస్టమర్ ఈజ్ ఆల్వేస్ రైట్' 20వ శతాబ్దపు తొలినాళ్ల పెద్ద దుకాణాల నినాదం. కొనేవాడి ఫిర్యాదును కొట్టిపారేయొద్దని దాని ఉద్దేశం. జాబితా దానికి తగిలించే 'అభిరుచి విషయంలో' అన్న షరతు అప్పట్లో లేదు.

నిజంగా కురచైపోయిన సామెతలూ లేకపోలేదు. 'మనీ ఈజ్ ద రూట్ ఆఫ్ ఆల్ ఈవిల్' అంటుంటారు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, తిమోతికి రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం పదో వచనంలో ఉన్నది 'ద లవ్ ఆఫ్ మనీ'. అక్కడ తప్పుపట్టింది డబ్బును కాదు, డబ్బు మీది వ్యామోహాన్ని. దీన్ని ఎవరైనా పుస్తకం తెరిచి చూసుకోవచ్చు.