అటక దులిపితే సిబిల్ రాలింది

సిరిమాను జాతర దగ్గర పడిందంటే మా విజయనగరంలో ప్రతి ఇంట్లోనూ బూజుకర్ర లేస్తుంది. దసరా వెళ్లిన మంగళవారానికి చుట్టాలు దిగిపోతారు కదా. మా ఇంట్లో మాత్రం అది యుద్ధకాలం. పారేద్దాం పార్టీకి నేను, ఉంచుదాం పార్టీకి అమ్మ. మూత లేని హార్లిక్స్ సీసా, పిడి ఊడిన గరిటె, ఒంటి చెప్పు, ఏది ముట్టుకున్నా ఒకటే మాట: "ఉండనీరా, దేనికో దానికి పనికొస్తాది."

అటక మీద ఏటా ఓడిపోయేది నేనే. ఈసారి ఆ కసి పర్సు మీద తీర్చుకున్నాను.

పర్సులో మూడు క్రెడిట్ కార్డులు. ఒకటి లక్షన్నర లిమిట్‌ది, ఇంకోటి లక్షది. రెండూ ఎవరో అంటగడితే తీసుకున్నవే, గీకిన పాపాన పోలేదు. మూడోది యాభై వేలది. పాల నుంచి పెట్రోలు దాకా దాని మీదే. వాడని రెండూ ఎందుకు, దండగ! ఫోన్ చేసి మూసేయమన్నాను. కస్టమర్ కేర్ అమ్మాయి పాయింట్లన్నది, ఆఫర్లన్నది. బాకీ లేని కార్డుని ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 రూపాయలు మీరే నాకు కట్టాలని రిజర్వు బ్యాంకు రూలు ఒప్పజెప్పాను. ఠక్కున మూసేశారు. అమ్మ కుట్టుమిషను కత్తెర తెచ్చి రెండింటినీ అడ్డంగా కోశాను. చిప్పు దగ్గర కత్తెర మొరాయించింది, గట్టిగా నొక్కితే ఒక ముక్క ఎగిరి గ్రైండరు వెనకాల పడింది. ఎంత హాయిగా ఉందో!

పండగ ముందు ఫ్రిజ్ కన్నుమూసింది. ఉన్న ఒక్క కార్డు మీదే కొత్తది కొన్నాను. సరుకులతో కలిపి బిల్లు నలభై వేలయింది. గడువులోపే కట్టేద్దాంలే అనుకున్నాను.

ఆ తర్వాత మేడ మీద ఒక గది వేద్దామని లోనుకి వెళ్లాను. మేనేజరు గారు కంప్యూటర్లో నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీరుస్తున్నామో చెప్పే మార్కు, చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఏటండి మాస్టారూ, జూలైలో 782 ఉన్న స్కోరు ఇప్పుడు 719 అయిపోనాది?"

900కి 719. మా బడిలో అయితే చప్పట్లు కొట్టిస్తాం. కానీ ఇది 300 నుంచి మొదలయ్యే లెక్క, తెల్లకాగితం ఇచ్చినా మూడొందలు వేసే పరీక్ష. అలాంటిదాంట్లో కూడా మార్కులు పోగొట్టుకున్నాను!

"ఒక్క వాయిదా తప్పలేదండీ. పైగా వాడని కార్డులు కూడా మూసేశాను," అన్నాను గొప్పగా.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "మూసినందుకు శిక్షేటీ లేదండి. మూసిన ఖాతా రిపోర్టులోనే ఉంటాది, పక్కన క్లోజ్డ్ అని రాస్తారు. మీరు సరిగ్గా కట్టిన చరిత్ర మంచికే. పోయింది లిమిట్టు. అప్పుడు మూడు లక్షల్లో నలభై వేలు వాడితే నూటికి ఎంతండి?"

"పదమూడు."

"మరిప్పుడు యాభై వేలలో నలభై?"

నేను పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారిని. శాతాల పాఠం పాతికేళ్లుగా చెప్తున్నాను. నోరు పెగల్లేదు.

"ఎనభై," ఆయనే చెప్పారు. "ముప్పై దాటితేనే వీడు అప్పు మీద బతుకుతున్నాడేమో అని చూస్తారండి. స్టేట్‌మెంట్ తయారవక ముందే చాలావరకు కట్టేయండి. బ్యాంకు లెక్క పంపే రోజుకి ఎంత బాకీ ఉంటే అంతే స్కోరు వేసే బ్యూరోకి వెళ్తాది. రెండు మూడు నెలలాగి రండి. ఈలోగా కొత్త కార్డులకి ఎగబడకండి, ప్రతి అప్లికేషనుకీ, అప్పు కోసం అడిగారని, రిపోర్టులో ఒక ఎంక్వయిరీ పడతాది."

గంటస్తంభం దగ్గర ఆగి టీ తాగుతూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మూసింది మూసిందే, కావాలంటే కొత్తగా అప్లై చేసుకోమన్నది. ఈసారి పాయింట్ల ఊసెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గ్రైండరు ముందు కూర్చుని, గిన్నె అంచున అంటుకున్న దోసెల పిండిని దేనితోనో శుభ్రంగా గీకుతోంది. వంగి చూశాను. లక్షన్నర లిమిట్! నా పేరులో సగం, గడువు తేదీలో సగం పిండిలోంచి కనిపిస్తున్నాయి.

"మంచి పదునుగా ఉన్నాదిరా ఇది," అంది అమ్మ. "రెండో ముక్క ఏదీ? మీ అత్తకి ఇద్దామనుకుంటన్నాను."