పండగకు సెలవా? శుద్ధ దండగ

దసరా దగ్గర పడగానే ఆఫీసుల్లో, డిపోల్లో, ఆసుపత్రుల్లో ఒక అంటువ్యాధి మొదలవుతుంది. దాని పేరు లీవ్ లెటర్. దాన్ని మొగ్గలోనే తుంచే విద్య మన పైఅధికారులకు బాగా తెలుసు. కృతజ్ఞత చూపాల్సింది పోయి మనం సణుగుతున్నాం.

ఆ విద్యలో ఎంత తర్కం ఉందో చూడండి. ఉద్యోగం నల్లగొండలో, ఊరు దేవరకొండ అయితే "దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చు" అంటారు. అదే గద్వాల అయితే "పోయి రావడానికే సరిపోతది, ఇంక పండగేం చేస్తవ్?" అంటారు. పెళ్లికానివాడికి పండగతో పనేముంది? పెళ్లయినవాడికి రోజూ ఇల్లే కదా? కొత్త అల్లుడిది ఒక్కటే కాస్త చిక్కు కేసు. వాడికి మాత్రం అత్తగారికి బట్టల ఖర్చు తప్పించిన పుణ్యం దక్కుతుంది.

సద్దుల బతుకమ్మ ముందురోజు ఎల్బీనగర్‌లో నల్లగొండ బస్సెక్కి చూడండి. ఎత్తిన కాలు దించడానికి చోటుండదు. ఆ జనంలోంచే కండక్టర్ "ఆధార్ కార్డులు చేతిల పట్టుకోండమ్మా" అంటూ, జీరో టికెట్ మీద జీరో టికెట్ కొడుతూ ముందుకొస్తాడు. ఊళ్లో ఆడబిడ్డలందరినీ పుట్టింటికి చేర్చే ఆయన, సొంత భార్యను పండక్కి పుట్టింటికి తీసుకెళ్లి ఎన్నేళ్లయిందో చెప్పలేడు. మధ్యలో ఫోన్ మోగుతుంది. "ఆఁ, చిట్యాల దాటినం... గునుగు పూలా? నేనేడికెళ్లి తేవాలె?" అంతే, కట్. ఇంట్లో పూలు లేకపోయినా నడుస్తుంది, బస్సులో టికెట్ లేనివాళ్లు ఉంటే నడవదు.

అయినా ఊరు వదిలి పనికిపోవడం మనకేం కొత్త? ముంబైలో, పుణెలో పాలమూరు కూలీల చెయ్యి పడని బిల్డింగులు వెతికితే గానీ దొరకవు. వాళ్లకు అప్పట్లో వీడియో కాల్ కూడా లేదు. ఇప్పుడుంది. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్‌లో బతుకమ్మ కనిపించాలి గానీ, సగంసేపు సీలింగ్ ఫ్యానే కనిపిస్తుంది. అమ్మ మలీద ముద్దను కెమెరా దగ్గరికి తెచ్చి "తిన్నవా బిడ్డా?" అంటుంది. తిన్నాననే చెప్పాలి. మెస్ బందని చెప్పకూడదు. వంటాయనకు సెలవు దొరికింది మరి.

ఇక పరిష్కారం. తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి. అంటే పండగ సామానంతా 2014లోనే సర్కారు ఖాతాలోకి వచ్చేసింది. ఒక్క సర్క్యులర్ చాలు: డ్యూటీలో ఉన్నవాళ్లు క్యాలెండర్‌లో పాలపిట్ట బొమ్మ చూస్తే నిజంగా చూసినట్టే, వాట్సాప్‌లో జమ్మి ఆకు వస్తే బంగారం చేతికందినట్టే. పెద్దలకు మొక్కడానికి మేనేజరు గారి కాళ్లు ఉండనే ఉన్నాయి. ఆయన ఆ రోజు ఊరికి పోయి ఉంటారు కాబట్టి మర్నాడు మొక్కితే సరి.

రాష్ట్ర జంతువు జింక ఒక్కటే మిగిలింది. దసరాలో దానికి ఏ పనీ లేదు. ఆ రోజు డ్యూటీ దానికి వేయండి.